కేంద్ర బడ్జెట్ పత్రాలు 2025–26: నల్లగొండలో పెన్సిలు పట్టుకొని చదివిన సమీక్ష

కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరి 1న పార్లమెంటు ముందుంచిన 2025–26 బడ్జెట్ పత్రాలను ఆర్థిక మంత్రిత్వ శాఖ వెబ్‌సైటు నుంచి దించుకొని, నాకు అవసరమనిపించిన భాగాలను నల్లగొండ గడియారం సెంటరు దగ్గరి ఒక జిరాక్స్ దుకాణంలో అచ్చు వేయించి, స్పైరల్ బైండింగ్ చేయించుకున్నాను. పత్రాలకు ధర లేదు. కాగితానికీ బైండింగుకూ కలిపి నాకైన ఖర్చు మూడు వందల రూపాయల లోపే. సబ్ ట్రెజరీలో ముప్పయ్యేళ్లు బిల్లులు పరిశీలించి పదవీ విరమణ చేసిన నాకు పద్దుల పుస్తకం కొత్త కాదు గానీ, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా బల్ల మీదికి వచ్చింది రాష్ట్ర పద్దుల్లో మా ప్రాంతానికి సంబంధించిన చిన్న ముక్క మాత్రమే. దేశం మొత్తం ఆదాయ వ్యయాలను ఒకచోట పెట్టుకొని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదవడం ఇదే మొదటిసారి. ఆ విధానాలు మంచివా కావా అన్న వాదన పత్రికల్లో సరిపోయినంత జరిగింది. చదివేవాడికి ఈ పత్రాలు ఎంతవరకు ఉపయోగపడతాయన్నదే ఇక్కడ నేను చెప్పదలచింది.

ముందుగా ఒక మాట చెప్పాలి. బడ్జెట్ అంటే ఒక్క పుస్తకం కాదు. రాజ్యాంగంలోని 112వ అధికరణంలో ఆ పేరే కనిపించదు. అక్కడ ఉన్నది 'వార్షిక ఆర్థిక నివేదిక' మాత్రమే. దానికి తోడుగా మంత్రిత్వ శాఖల వారీ గ్రాంట్ల డిమాండ్లు, అంటే ఒక్కో శాఖకు ఎంత కావాలో పార్లమెంటును అడిగే పత్రాలు, పన్నుల మార్పులతో కూడిన ఆర్థిక బిల్లు, వసూళ్ల పుస్తకం, వ్యయాల పుస్తకం, లోటు, అప్పుల గురులు చెప్పే ద్రవ్య విధాన ప్రకటన వంటివన్నీ కలిపి మొత్తం 14 పత్రాలు ఉంటాయి. అన్నీ దించుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. 'బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్' అనే పలుచటి పుస్తకం, వసూళ్ల పుస్తకంలో మొదటి కొన్ని పట్టికలు, మనకు ఆసక్తి ఉన్న శాఖ డిమాండ్ పేజీలు ఉంటే చాలు. ఆర్థిక మంత్రి ప్రసంగాన్ని నేను అచ్చు వేయించలేదు. టీవీలో విన్నది చాలనిపించింది. పైగా ప్రసంగంలో ఉండేది ప్రభుత్వం చెప్పదలచుకున్నది, పట్టికల్లో ఉండేది చెప్పక తప్పనిది.

పలుచటి పుస్తకం మొదటి పట్టికే అసలు సరుకు. ప్రతి వరుసకూ నాలుగు నిలువు గడులు ఉంటాయి: 2023–24 వాస్తవ లెక్కలు, 2024–25 బడ్జెట్ అంచనా, 2024–25 సవరించిన అంచనా, 2025–26 బడ్జెట్ అంచనా. మర్నాడు పత్రికల మొదటి పేజీలో వచ్చేవి దాదాపు అన్నీ నాలుగో గడిలోని అంకెలే. నా అనుభవంలో పనికొచ్చేవి మాత్రం మొదటి మూడు. మా ఆఫీసులో ఏప్రిల్‌లో వచ్చే కేటాయింపుల ఉత్తర్వు చూసి మురిసిపోయినవాళ్లు మార్చి 31 రాత్రి పదకొండు గంటలకు బిల్లుల కట్టలతో కిటికీ దగ్గర నిలబడితే, సగం పద్దులకు నిధులు విడుదల కాలేదనో, మిగిలిన మొత్తం సరెండర్ చేయవలసిందేననో, అంటే ప్రభుత్వానికి తిరిగి అప్పగించవలసిందేననో చెప్పి పంపవలసి వచ్చేది. కేటాయింపు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు. ఈ మూడింటి మధ్య దూరాన్ని ఒకే పేజీలో పక్కపక్కన చూపించడం ఈ పత్రం చేసే అతి పెద్ద మేలు, దాన్ని అడిగేవాళ్లు తక్కువైనా సరే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే జల్ జీవన్ మిషన్‌కు 2024–25 బడ్జెట్‌లో 70,163 కోట్ల రూపాయలు పెట్టారు. అదే సంవత్సరం సవరించిన అంచనా గడిలో ఉన్నది 22,694 కోట్లు. అంటే మూడో వంతుకు కాస్త తక్కువ. ఆ పక్క గడిలో 2025–26కు మళ్లీ 67,000 కోట్లు కనిపిస్తాయి. ప్రసంగంలో విన్నవారికి వినిపించింది పథకాన్ని 2028 వరకు పొడిగించారన్న వార్త. పట్టిక చూసినవారికి కనిపించేది ఎత్తు, పల్లం, మళ్లీ ఎత్తు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీటితో తరాలు వంగిపోయిన జిల్లాలో ఉన్నవాడిగా నీటి పద్దు దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగడం సహజమే. మనకు మిషన్ భగీరథ నీళ్లు రాష్ట్రం సొంత ఖర్చుతో, అప్పుతో ముందే వచ్చాయి కనుక ఈ అంకె మన నల్లాలను నేరుగా తాకకపోవచ్చు. కానీ ఒక పద్దును ఎలా చదవాలో నేర్పడానికి ఇంతకన్నా మంచి వరుస ఆ పుస్తకంలో నాకు దొరకలేదు.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచిన వరుస ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరిలో ఆ చట్టం మొదలైన తొలి రెండు వందల జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. బొంబాయికి, పుణెకు వలస వెళ్లే పాలమూరు కూలీకి ఊళ్లోనే నూరు రోజుల పని దొరకాలన్నది అప్పటి మాట. 2023–24లో దానికి బడ్జెట్ అంచనాగా పెట్టింది 60,000 కోట్లు. వాస్తవ లెక్క గడిలో ఖర్చయింది 89 వేల కోట్లు దాటింది. 2024–25లో 86,000 కోట్లు, 2025–26లో మళ్లీ అదే 86,000 కోట్లు. పని అడిగిన ప్రతి కుటుంబానికీ ఇవ్వాలని ఆ చట్టం చెప్పిన చోట అంకె ముందే గీసి పెడితే, ఆ తర్వాత పెరిగేది కూలి బకాయిలే. రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయిన దానికంటే తక్కువ మొత్తాన్ని రాసి 'అంచనా' అనడం ఎలా కుదురుతుందో, బిల్లులు పరిశీలించిన మనిషిగా నాకు అర్థం కాలేదు. అయినా ఈ విమర్శ చేయగలిగింది పత్రం తన అంకెలను తానే దాచకుండా చూపించింది గనుకనే. ఆ మేరకు మార్కులు ఇవ్వక తప్పదు.

ఇక అందరికీ తెలిసిన రూపాయి చక్రాల సంగతి. రూపాయి ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని రెండు గుండ్రటి బొమ్మలు వేస్తారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు బట్టీ పట్టేవి ఇవే. 2025–26 లెక్కన వచ్చే రూపాయిలో అప్పులు, ఇతర బాధ్యతలు 24 పైసలు, ఆదాయపు పన్ను 22, జీఎస్‌టీ 18, కార్పొరేషన్ పన్ను 17, పన్నేతర ఆదాయం 9, ఎక్సైజ్ 5, కస్టమ్స్ 4, మిగిలిన రుణేతర మూలధన వసూళ్లు, అంటే వాటాల అమ్మకం, ఇచ్చిన అప్పుల వసూలు వంటివి, 1 పైసా. పోయే రూపాయిలో రాష్ట్రాల పన్ను వాటా 22, వడ్డీలు 20, కేంద్రమే పూర్తిగా భరించే కేంద్ర రంగ పథకాలు 16, రక్షణ, రాష్ట్రాలతో కలిసి భరించే కేంద్ర ప్రాయోజిత పథకాలు, ఆర్థిక సంఘం తదితర బదిలీలు, ఇతర ఖర్చులు తలా 8, సబ్సిడీలు 6, పెన్షన్లు 4.

బొమ్మ బాగుంది, లెక్క కూడా కుదిరింది. కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది, దాన్ని పుస్తకం గట్టిగా చెప్పదు. మొదటి పట్టిక ప్రకారం మొత్తం వ్యయం 50,65,345 కోట్లు; వడ్డీల చెల్లింపు 12,76,338 కోట్లు. భాగించి చూస్తే నూటికి పాతిక వస్తుంది. చక్రంలో మాత్రం 20 అని ఉంటుంది. మొదట నేనే తప్పు కొట్టానేమోనని మళ్లీ చేశాను. సంగతేమిటంటే, మొదటి పట్టికలో రాష్ట్రాలకు పంచే పన్ను వాటా, అంటే 14.22 లక్షల కోట్లు, కేంద్రం వ్యయంలో లెక్కకే రాదు. వసూలైన పన్నులోంచి దాన్ని ముందే తీసివేసి నికర పన్ను ఆదాయాన్ని 28.37 లక్షల కోట్లుగా చూపిస్తారు. చక్రంలో మాత్రం ఆ వాటాను తిరిగి కలిపి, సుమారు 64.87 లక్షల కోట్లను నూరు పైసలుగా తీసుకుంటారు. రెండూ తప్పు కావు. రెండు వేర్వేరు కొలపాత్రలతో కొలిచిన ధాన్యాన్ని ఎదురెదురు పేజీల్లో పోసి చూపించారు, అంతే. ఈ తేడాను బొమ్మ కిందే ఒక్క వాక్యంలో పెద్ద అక్షరాలతో రాసి ఉంటే నాకు అర పూట మిగిలేది. ఇంకో సంగతి, వడ్డీని మొత్తం వ్యయంతో కాకుండా రెవెన్యూ ఆదాయంతో, అంటే అప్పు కలవని 34.20 లక్షల కోట్లతో పోల్చి చూడాలి. అప్పుడది నూటికి 37 రూపాయలకు పైమాటే అవుతుంది. జీతం చేతికి రాగానే మొదట కోతపడేది ఎంతో తెలియాలంటే చూడవలసిన అంకె ఇది. ఇది ఏ చక్రంలోనూ లేదు.

లోటు గురించిన పేజీ ఈ పత్రాల్లో అత్యుత్తమమైనది అని నా అభిప్రాయం. నాలుగు లోటులు నాలుగు వరుసల్లో ఉంటాయి, ప్రతిదాని కింద జీడీపీలో ఎంత శాతమో చిన్న అంకెల్లో ఉంటుంది. మొత్తం వ్యయంలోంచి అప్పు కాని వసూళ్లన్నీ తీసేస్తే మిగిలేది ద్రవ్యలోటు: 15,68,936 కోట్లు, జీడీపీలో 4.4 శాతం. రోజువారీ ఖర్చు రోజువారీ ఆదాయాన్ని మించిన మేరకు రెవెన్యూ లోటు: 5,23,846 కోట్లు, 1.5 శాతం. అందులోంచి, రాష్ట్రాలూ సంస్థలూ ఆస్తులు కట్టుకోవడానికి ఇచ్చిన గ్రాంట్లను తీసివేస్తే ప్రభావిత రెవెన్యూ లోటు 0.3 శాతానికి దిగుతుంది. ద్రవ్యలోటులోంచి వడ్డీని తీసేస్తే ప్రాథమిక లోటు: 2,92,598 కోట్లు, 0.8 శాతం. కాగితం మీద ఒకదానిలోంచి ఒకటి తీసివేసుకుంటూ నాలుగూ నేను సరిచూశాను. ఒక్క కోటి కూడా తేడా రాలేదు. మా ఆఫీసులో సంవత్సరాంతపు రీకన్సిలియేషన్, అంటే రెండు చోట్ల రాసిన లెక్కల సరిపోలిక, ఇంత శుభ్రంగా కుదిరిన సంవత్సరం నాకు గుర్తు లేదు.

ఈ నాలుగింటిలో వార్తల్లో నిలిచేది మొదటిదే. 4.4 అన్న అంకె వినడానికి చాలా చిన్నదిగా ఉంటుంది, ఎందుకంటే దాని కింద ఉన్న హారం దేశం మొత్తం ఉత్పత్తి, అంటే 357 లక్షల కోట్లకు చేరుతుందని వేసిన అంచనా. అదే లోటును ప్రభుత్వం పెట్టే ఖర్చుతో పోలిస్తే, ప్రతి నూరు రూపాయల ఖర్చులో 31 రూపాయలు అప్పు తెచ్చినవే. ఆ కొత్త అప్పులో నూటికి ఎనభై రూపాయలకు పైగా, పాత అప్పుల మీద కట్టే వడ్డీకి సమానం. ప్రాథమిక లోటు 0.8 దగ్గర నిలవడం వెనుక ఉన్న అర్థం అదే. మరోవైపు, కరోనా వచ్చిన 2020–21లో ఈ లోటు 9 శాతం దాటిందని, 2025–26 నాటికి 4.5 లోపుకు తెస్తామని 2021లో చెప్పిన మాటను అంచనా గడిలోనైనా నిలబెట్టుకున్నారని ఒప్పుకోవాలి. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం మొదట పెట్టుకున్న 3 శాతం గీత మాత్రం ఇంకా దూరంగానే ఉంది; 2026–27 నుంచి ఏటా లోటు శాతాన్ని కాకుండా జీడీపీలో మొత్తం అప్పు ఎంతన్నదాన్ని, 2031 మార్చి నాటికి 50 శాతానికి అటూ ఇటూ ఒక్క శాతంలోకి తేవడాన్ని గురిగా పెట్టుకుంటామని ద్రవ్య విధాన ప్రకటన చెబుతోంది. గురిని మార్చినప్పుడు పాత గురితో పోలిక కష్టమవుతుంది. ముందుముందు ఈ పుస్తకం చదివేవాళ్లు రెండు కొలతలనూ వేసుకుంటూ పోవలసి ఉంటుంది.

ఆ లోటును ఎవరు పూడుస్తారన్న పట్టిక దగ్గర నాకు అనుకోని పరిచయస్తుడు కనిపించాడు. నికరంగా 11.54 లక్షల కోట్లు మార్కెట్ బాండ్ల ద్వారా తెస్తారు. దాని తర్వాతి పెద్ద వరుస చిన్న పొదుపుల హామీ మీద తీసుకునేది, సుమారు 3.43 లక్షల కోట్లు. పోస్టాఫీసులో మా ఇంటావిడ వేసుకున్న కిసాన్ వికాస్ పత్రాలు, పదవీ విరమణ డబ్బుతో నేను 8.2 శాతానికి వేసిన సీనియర్ సిటిజన్ డిపాజిట్ చేరేది అక్కడికే. మూడు నెలలకోసారి నా ఖాతాలో పడే వడ్డీ, చక్రంలోని ఆ ఇరవై పైసల్లో ఒక పిసరు. వడ్డీ భారం మీద ఇందాక అంత గట్టిగా రాసిన నేను, ఈ వరుస చూశాక పెన్సిలు కాసేపు కింద పెట్టాను.

వసూళ్ల పుస్తకం చదవడం కష్టం గానీ చదివితే లాభం ఎక్కువ. పన్నెండు లక్షల వరకు ఆదాయపు పన్ను ఉండదన్న ప్రకటనతో ప్రత్యక్ష పన్నుల్లో సుమారు లక్ష కోట్లు వదులుకుంటున్నామని ప్రసంగంలో చెప్పారు. వసూళ్ల పట్టికలో అదే ఆదాయపు పన్ను 2024–25 సవరించిన అంచనా 12.57 లక్షల కోట్ల నుంచి 14.38 లక్షల కోట్లకు, అంటే 14 శాతానికి పైగా పెరుగుతుందని రాశారు. వదులుకున్న తర్వాత కూడా ఇంత పెరుగుదలా అని ఎవరైనా ఆగి అడగాలి. జీఎస్‌టీ 11.78 లక్షల కోట్ల అంచనా కూడా ఫిబ్రవరి నాటిది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ శ్లాబులే మారిపోయాయి కనుక ఆ గడిని ఇప్పుడు కాస్త అనుమానంతోనే చూడాలి. పన్నేతర ఆదాయంలో రిజర్వు బ్యాంకు, ప్రభుత్వ బ్యాంకులు ఇచ్చే డివిడెండు కింద 2.56 లక్షల కోట్లు రాసుకుంటే, 2025 మే నెలలో రిజర్వు బ్యాంకు ఒక్కటే 2.69 లక్షల కోట్లు ఇచ్చింది. ఒకచోట తగ్గేది మరోచోట పూడవచ్చు. అంచనా అంటే అంతే.

బడ్జెట్ వచ్చిన మర్నాడు నేను ఉదయపు నడకకు వెళ్తే పానగల్లు చెరువు కట్ట మీద అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "మనకేం వచ్చింది సారూ?" ఆ ప్రశ్నకు ఈ పత్రాలు ఇచ్చే సేవ బలహీనమైనది. పలుచటి పుస్తకంలో జిల్లా పేర్లు ఉండవు. నల్లగొండ అని గాని, మహబూబ్‌నగర్ అని గాని వెతికితే ఒక్క ఫలితం రాదు. రాష్ట్రాల వాటా పట్టిక ఒక్కటే సూటిగా జవాబు చెబుతుంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను సూచించే ఆర్థిక సంఘాల్లో 15వదాని లెక్కన పంచదగిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలది. అందులో తెలంగాణకు 2.102 శాతం, అంటే 2025–26లో 29,899 కోట్ల పైచిలుకు. 14వ సంఘం కాలంలో మన వాటా 2.437 శాతం. తలసరి ఆదాయం పెరిగిన రాష్ట్రానికి వాటా తగ్గించే సూత్రం అది. రాష్ట్రం సగటున ధనిక రాష్ట్రమే; ఆ సగటును పైకి లాగేది హైదరాబాద్. దాని వల్ల కోత పడేది దేవరకొండకు, అచ్చంపేటకు, మక్తల్‌కు కూడా.

ఈ 41 శాతాన్ని కూడా సరిచూడబోతే ఇంకో సంగతి బయటపడింది. మొత్తం పన్ను వసూలు అంచనా 42.70 లక్షల కోట్లు, రాష్ట్రాలకు వెళ్లేది 14.22 లక్షల కోట్లు. అది 41 కాదు, మూడో వంతు. ప్రత్యేక అవసరం పేరుతోనో, పన్ను మీద పన్నుగానో వేసే సెస్సులు, సర్‌చార్జీలు పంచదగిన మొత్తంలో కలవకపోవడమే దీనికి ప్రధాన కారణం. మిర్యాలగూడ రోడ్డు మీద బంకులో పోయించుకునే పెట్రోలు మీద కేంద్రం వేసే సుంకంలో ఎక్కువ భాగం సెస్సు, ప్రత్యేక సుంకం రూపంలోనే ఉంటుంది. అందులోంచి రాష్ట్రానికి వాటా రాదు. ఈ రెండు అంకెలూ ఒకే పుస్తకంలో ఉన్నా ఒక పేజీలో లేవు. పక్కపక్కన పెట్టుకోవలసిన పని పాఠకుడిదే.

మిగిలిన ప్రశ్నకు జవాబు శాఖల డిమాండ్లలో చెల్లాచెదురుగా ఉంది. ఎరువుల సబ్సిడీ సుమారు 1.68 లక్షల కోట్లు. అందులో సింహభాగం యూరియాది. 45 కిలోల బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు రావడం వెనుక ఉన్నది ఆ పద్దే. కానీ 2025 వానాకాలంలో ఆ బస్తా కోసం తెల్లవారుజామునుంచే చెప్పులు వరుసలో పెట్టి నిలబడిన రైతులను చూసిన తర్వాత, పద్దు ధరను మాత్రమే చెబుతుందని, బస్తా ఊరికి చేరిందా లేదా అన్నది చెప్పదని తెలిసింది. ఆహార సబ్సిడీ 2.03 లక్షల కోట్లు. మిర్యాలగూడ మిల్లుల్లో మర ఆడి భారత ఆహార సంస్థకు అప్పగించే బియ్యం ఖర్చు దానిలోకే వెళ్తుంది, అయినా మిర్యాలగూడకు ఎంత అన్నది ఎక్కడా తేలదు.

రైల్వే సంగతి మరీ దూరం. 2017 నుంచి ప్రత్యేక రైల్వే బడ్జెట్ లేదు. రైల్వేకు కేంద్రం పెట్టే మూలధన పెట్టుబడి 2.52 లక్షల కోట్లు అన్న ఒక్క పెద్ద అంకె ప్రధాన పత్రాల్లో ఉంటుంది. తెలంగాణకు 5,337 కోట్లు అన్నది రైల్వే మంత్రి విడిగా చెప్పిన మాట. ఏ లైనుకు ఎంత అన్నది కావాలంటే రైల్వే వారి పింక్ బుక్ వేరే చోట వెతుక్కోవాలి. మహబూబ్‌నగర్–మునీరాబాద్ లైను 1997–98లో మంజూరైంది. నారాయణపేట జిల్లాలో జక్లేరు నుంచి కృష్ణ వరకు 37 కిలోమీటర్ల ముక్కను 2023 అక్టోబరు 1న జాతికి అంకితం చేశారు. ఇరవై అయిదేళ్లు దాటిన ఆ ప్రయాణంలో ఏ సంవత్సరం ఎంత రాశారు, ఎంత ఇచ్చారు అన్నది ఒక్క పేజీలో దొరికితే, జిల్లాల్లోని పాఠకులకు బడ్జెట్ పత్రాల మీద గౌరవం రెట్టింపు అవుతుంది. అలాంటి పేజీ లేదు.

భాష దగ్గర నా అసంతృప్తి ఎక్కువ. పత్రాలు ఇంగ్లిషులో, హిందీలో ఉన్నాయి. 2021 నుంచి ఉన్న మొబైల్ యాప్ కూడా ఆ రెండు భాషల్లోనే నడుస్తుంది. యాప్ తేలికగానే ఉంది, వెతకడం కూడా సులువే, కానీ చిన్న తెర మీద నాలుగు నిలువు గడుల పట్టిక చూడాలంటే వేలితో అటూ ఇటూ జరపడమే సరిపోతుంది. ప్రసంగం మొదట్లో మన గురజాడ వారి మాటను తలచుకున్న బడ్జెట్, కనీసం ఆ పలుచటి పుస్తకాన్నైనా తెలుగులో ఇవ్వకపోవడం వింతగా ఉంది. పత్రికా సమాచార కార్యాలయం ముఖ్యాంశాలను తెలుగులో విడుదల చేస్తుంది గానీ అది ప్రసంగానికి సారాంశం. పట్టికలకు ప్రత్యామ్నాయం కాదు. ద్రవ్యలోటు, రెవెన్యూ లోటు, మూలధన వ్యయం, సంచిత నిధి వంటి మాటలన్నీ మనకు ఏనాడో స్థిరపడి ఉన్నాయి. అడ్డేమీ లేదు.

ఎవరికి పనికొస్తుందన్నది తేల్చి చెప్పాలంటే, గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్లు కోచింగ్ నోట్సు పక్కన పెట్టి పలుచటి పుస్తకాన్ని ఒక్కసారైనా నేరుగా చదవాలి. చక్రాల వెనుక ఉన్న హారం తెలిస్తే తప్పు జవాబులు సగం తగ్గుతాయి. సర్పంచులు, సంఘాల వాళ్లు తమకు కావలసిన శాఖ డిమాండ్ పేజీలు మాత్రం తీయించుకుంటే చాలు. ఊరికే ఈ ఏడాది ఏది చవకైంది, ఏది ప్రియమైంది అని తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు, వాళ్లకు ఆ రోజు టీవీయే మేలు. లెక్కల శుభ్రతకు అయిదుకు అయిదు, పోల్చుకోవడానికి ఉన్న వీలుకు నాలుగు, భాషకు ఒకటి, జిల్లా పాఠకుడి ప్రశ్నకు ఇచ్చే జవాబుకు ఒకటిన్నర వేస్తాను.

జిరాక్స్ దుకాణం కుర్రవాడు బైండింగ్ చేసేటప్పుడు వెనుక రెండు తెల్ల కాగితాలు కలపమని అడిగాను. ఎందుకని అడిగాడు. 2025–26 వాస్తవ లెక్కలు అచ్చయ్యేది 2027 ఫిబ్రవరిలో వచ్చే పుస్తకంలోనేనని, ఈ అంచనాల పక్కన అప్పుడు వాటిని రాసుకోవాలని చెప్పాను. ఆ రెండు కాగితాలకు డబ్బు తీసుకోలేదు.